మూడు సేర్ల ఆముదం

మా అన్న సాంసన్ చివరగా చేసిన మామూలు పని కారు వెనక ఇరుసులో నూనె మార్చడం. 1948 మే నెలలో ఒక బుధవారం పొద్దున, నర్మెట్టకు నాలుగు మైళ్ళ అవతల ఉన్న మా ఊళ్ళో, మా ఇంటి వాకిట్లో ఆ పని చేశాడు. నేను పక్కనే కూర్చొని మొదటినుంచి చివరిదాకా చూశాను. అన్న పని చేస్తుంటే అంతసేపు పక్కన కూర్చోవడం నాకు అదే మొదటిసారి.

కారు మాది కాదు, దొరది. నల్లటి పాత కారు. అంతకుముందు డిసెంబరులో, దొరల మీద తిరగబడ్డ సంగం దెబ్బకు దొర కుటుంబమంతా హైదరాబాదు పారిపోయింది. పెట్రోలు దొరకని రోజులు. దొర కారును డ్రైవరైన మా అన్నకు అప్పగించి జనగామలో రైలెక్కాడు. అన్న దాన్ని మా వాకిట్లో నిలిపి, మీద కందికట్టె కప్పి, మిగిలిన రెండు డబ్బాల పెట్రోలు ఇంట్లో వడ్ల గుమ్మి వెనక దాచాడు.

దొర మీద ప్రేమతో కాదు. మా వదిన మణెమ్మకు అప్పటికి రెండు కాన్పులు పోయాయి. రెండోసారి రెండు రోజులు నొప్పులు పడి, తను చావు తప్పించుకొని బయటపడింది. జనగామ దవాఖానలో నర్సమ్మ అప్పుడే గట్టిగా చెప్పింది: "మూడోసారి ఇంట్ల పెట్టుకోకున్రి. నొప్పులు సురువైనంక ఒక పూటలోపట నా దగ్గరికి తేవాలె." జనగామ మాకు పదిహేడు మైళ్ళు. ఎడ్లబండి మీద పగలంతా పడుతుంది. కారులో అయితే గంట. జనవరిలో మణెమ్మకు అయిదో నెల. అన్నకు ఆ గంట తప్ప ఇంకో ధ్యాస లేదు.

అన్న నాకంటే ఏడేళ్ళు పెద్ద. మా నాయిన తోలుపని చేసేవాడు. నేను మిషను బడిలో చదువుకొని మహబూబాబాదులో పంతులమ్మనయ్యాను. అన్నకు బడి పట్టలేదు. పదహారో ఏట చిట్యాల మీదుగా భూపాలపల్లి అడవులకు నడిచిపోయి కలప లారీల మీద పనికి చేరాడు. అక్కడ ఒక ముసలి ఉస్తాద్ దగ్గర ఇంజను పని నేర్చుకున్నాడు. తొమ్మిదేళ్ళ తర్వాత తిరిగొచ్చి దొర దగ్గర డ్రైవరయ్యాడు. ఊరందరికీ నాగలి తెలుసు, మోట తెలుసు. అన్నకు తెలిసిన విద్య వేరు. ఒక చిక్కు విప్పాక ఇట్లా విప్పానని చెప్పుకోవడానికి చుట్టూ పది ఊళ్ళలో ఇంకొక మనిషి లేడు. ఆదివారం దొర ఊళ్ళు తిరిగేవాడు కాబట్టి అన్న మిషను గుడికీ రాలేకపోయేవాడు. వాడకట్టులో అతన్ని "దొర సాంసన్" అని పిలిచేవాళ్ళు. దొర ఇంట్లో మాత్రం అతనికి అన్నం గడప బయటే పెట్టేవాళ్ళు.

జనవరిలో సంగం వాళ్ళు కారు తగలబెట్టడానికి వచ్చారు. వాళ్ళ పెద్ద పోశాలు, అన్న ఈడువాడే, గొర్ల మంద ఉన్న ఇంటి మనిషి. అప్పుడు నేను మహబూబాబాదులో ఉన్నాను. జరిగింది తర్వాత మణెమ్మ చెప్పింది.

"జరుగు సాంసన్. దొర గుర్తు ఒక్కటి గూడ ఊళ్ళె ఉండొద్దని తీర్మానమైంది," అన్నాడట పోశాలు.

"కానియ్యి పోశాలన్నా. మణెమ్మ నీళ్ళాడి, పిల్లను చేతుల వట్టుకున్ననాడు నేనే గాసునూనె పోసి కాలవెడ్త. అందాక ఆగు."

"మా అవ్వ నన్ను జొన్నచేన్ల కన్నది. నీ పెండ్లాం రాణా, కారెక్కి కననీకి?"

వెంట వచ్చినవాళ్ళు నవ్వారు. అన్న నవ్వలేదు.

"మీ అవ్వకు నీ ముంగట ఇద్దరు సచ్చి పుట్టిన్రా? పోయి అడుగు."

నవ్వులు ఆగిపోయాయి. పోశాలు తలుపు దగ్గర నిలబడ్డ మణెమ్మను కాసేపు చూశాడట. తర్వాత కారు అంటించడానికి తెచ్చిన గడ్డిచుట్ట కింద పడేశాడు.

"కారు కాలవెట్టం. గని అది నీ వాకిట్ల ఉన్నన్ని దినాలు నువ్వు దొర మనిషివే. ఊరు నీతోని మాట్లాడదు. ఒక్క మాట గూడ."

దాన్ని మాట బందు అనేవాళ్ళు. కొట్టరు, తిట్టరు. పొయ్యిలోకి నిప్పు ఇవ్వరు, గానుగలో నూనె ఇవ్వరు, ఎదురుపడితే మొహం తిప్పుకొని పోతారు. ఊరు ఒక్కటై నిలబడ్డ రోజులవి. ఒకరు తీర్మానం దాటితే అదే తప్పు ఇంకొకరు చేస్తారని అందరికీ భయం. "తిట్టినా బాగుండు చెల్లే, దాంట్ల మాటన్న ఉంటది," అని అన్న తర్వాత నాతో అన్నాడు. ఆ నాలుగు నెలలూ సాయంత్రం పూట నర్మెట్ట బాట మీద పోయి నిలబడేవాడట. పరాయి ఊరివాళ్ళు ఎవరైనా దారి అడుగుతారేమోనని.

మార్చిలో కారు ఒక చిక్కు తెచ్చిపెట్టింది. పదిహేను రోజులకొకసారి అన్న దాన్ని వాకిట్లోనే ముందుకూ వెనక్కూ నడిపేవాడు. ఒకనాడు వెనక ఇరుసు సన్నగా మూలగడం మొదలుపెట్టింది. చూస్తే లోపలి నూనె కారిపోయి అడుగంటింది. దానికి పోసే కంపెనీ నూనె యుద్ధం నాటినుంచే కరువు. ఆముదం పోసినా నడుస్తుందని ఉస్తాద్ నేర్పాడు. మా దిక్కు ఆముదాలకు ఏం తక్కువ? కానీ గానుగ దగ్గరికి పోతే గానుగ ఆడించే ఆయన గిత్తను అదిలిస్తూ తల ఎత్తలేదు.

రెండు రోజుల తర్వాత పొద్దున లేచి చూస్తే మా ప్రహరీ గోడ మీద ఒక చిన్న కుండ ఉంది. దాని నిండా కందెన. బండి ఇరుసుకు పూసే నల్లటి జిడ్డు. కాల్చిన గడ్డి బూడిదను ఆముదంలో కలిపి చేస్తారు. ఇరుసు మూలుగు ఎవరో విన్నారు. ఇరుసంటే వాళ్ళకు తెలిసిన ఇరుసు బండిదే. అది మూలిగితే కందెన పూయాలి. కుండ చూసి మణెమ్మ, "ఇది లచ్చవ్వది. అంచు పలిగింది సూడు," అంది. లచ్చవ్వ, ఆమె భర్త మొండయ్య మాకు నాలుగిళ్ళ అవతల ఉండే రైతులు.

అన్న ఆ కందెనను పలచని గుడ్డలో వడగట్టి, కారు ఇరుసులో పోశాడు. బూడిద ఇరుసు లోపలి పండ్ల చక్రాలను, అంటే గేర్లను, అరగదీస్తుందని అతనికి తెలుసు. తెలిసే పోశాడు.

ఏప్రిల్ చివరికి మూలుగు గీరుడైంది. అప్పుడు మణెమ్మ చేత నాకొక కార్డు రాయించాడు. "సెలవులకు వచ్చేటప్పుడు మూడు సేర్ల ఆముదం తేవలెను. మంచిగ వడగట్టినది. తలకు గాదు." అంతే ఉంది కార్డులో.

మహబూబాబాదులో గానుగ దగ్గర డబ్బా నింపించుకొని, కాజీపేటలో రైలు మారి, జనగామలో దిగాను. సగం దారి ఒక బండి మీద, సగం దారి నెత్తిన డబ్బా పెట్టుకొని నడుస్తూ మంగళవారం పొద్దుగూకేసరికి ఇల్లు చేరాను. అన్న డబ్బా మూత తీసి, ఆముదాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. వేలికి రాసుకొని రుద్దాడు. "మంచిగున్నది," అన్నాడు. ఎట్లా ఉన్నావని నన్ను అడగడం ఆ తర్వాతే గుర్తొచ్చింది.

బుధవారం పొద్దున తొందరపడలేదు. నూనె చల్లగా ఉంటే చిక్కగా ఉండి కిందికి దిగదట. ఇంజను నడిపి వేడిచేద్దామంటే పెట్రోలు దండగ. "ఎండ ఎక్కనియ్యి. దేవుడు పుణ్యానికిచ్చిన పొయ్యి," అని పది దాకా ఆగాడు. కారు వెనక భాగం కింద ముందే మనిషి పట్టేంత గుంట తవ్వి పెట్టుకున్నాడు. అందులో గోనెసంచి పరుచుకొని వెల్లకిలా పడుకున్నాడు.

వెనక ఇరుసు నడుమ గుమ్మడికాయంత ఇనుప గుండు ఉంటుంది. ఇంజను తిప్పుడును రెండు చక్రాలకు పంచే పండ్ల చక్రాలు అందులోనే ఉంటాయి. గుండుకు పక్కన కొంచెం పైకి ఒక బిరడా, అడుగున ఇంకో బిరడా.

"ఏది ముందు విప్పాలె, చెప్పు," అన్నాడు కిందనుంచి.

"కిందిది. పాత నూనె పోవాలె గదా."

"పంతులమ్మవు గద, గట్లనే చెప్తవ్. కిందిది విప్పి ఉన్న నూనెంత పారవోసినవ్. తీరా పైది తుప్పు వట్టి ఊడలేదు. ఇగ కొత్త నూనె యాడికెల్లి పోస్తవ్? నీ నోట్లెకెల్లా?"

"నా నోట్లె ఆముదమెందుకు, నువ్వే తాగు."

"దీనికే మా ఉస్తాద్ నా చెవు మెలేసిండు. ముంగట పైది విప్పాలె. అది ఊడితేనే కిందిదాని మీద చెయ్యి వెయ్యాలె."

పై బిరడా మొండికేసింది. పానా మీద రాయితో నాలుగు దెబ్బలు కొడితే కదిలింది. తర్వాత అడుగు బిరడా విప్పి ఇనుప తట్ట పెట్టాడు. నూనె నల్లగా, ముద్దలుగా దిగింది. ఎండలో అందులో సన్నటి ఇనుప రజను మెరిసింది. అన్న రెండు వేళ్ళ మధ్య కొంచెం తీసుకొని నా వైపు చెయ్యి చాచాడు.

"పట్టి సూడు. ఇసుక లెక్క తాకుతది. గిది బూడిద."

"తెల్సి ఎందుకు పోసినవన్నా?"

వేళ్ళు గోనెసంచికి తుడుచుకున్నాడు.

"ఎవరో ఇచ్చిన్రు గదనే," అన్నాడు. "రెండు నెల్ల సంది ఊరంత మొకం తిప్పుకుంటె, ఒక్కలు తెచ్చి గోడ మీద వెట్టిన్రు. వద్దని ఎట్ల పారవోద్దు?"

నేను నిండిన తట్టను పక్కకు జరిపాను.

తర్వాత గాసునూనె, అదే కిరసనాయిలు, పోసి గుండు లోపల కడిగాడు. జాకీతో ఒక చక్రం లేపి, నన్ను తిప్పమన్నాడు. తిప్పాను. మొదటిసారి నల్లగా దిగింది. రెండోసారి కొంచెం తేటగా. అడుగు బిరడా వాషరు అరిగిపోయి ఉంది. మా నాయిన తోలు కోసే కత్తితో పాత చెప్పు అట్ట నుంచి గుండ్రటి బిళ్ళ కోసి, ఆముదంలో నానబెట్టి, బిరడాకు తొడిగి బిగించాడు. "నాయిన పని గూడ జర కలిసింది," అన్నాడు.

పోయడం కష్టం. పక్క రంధ్రం ఇరుకులో ఉంది, డబ్బా వంపడానికి జాగా లేదు. ఎడ్లకు మందు తాగించే వెదురు గొట్టం ఒకటి తెచ్చి పెట్టుకున్నాడు. దాని వాలు మూతి రంధ్రంలో పెట్టి పట్టుకున్నాడు. నేను చెంబుతో ఆముదం పోస్తూ పోయాను. చాలాసేపు పట్టింది. చివరికి రంధ్రం అంచునుంచి ఒక సన్నటి ధార బయటికి జారింది. "ఆగు" అన్నాడు. చిటికెన వేలు లోపలికి పెట్టి వంచి చూసి, బిరడా బిగించాడు.

పని అయిపోయింది. అయినా బయటికి రాలేదు.

"అన్నా, అయిపాయె గదా. లే."

"లేస్త. జర సేపు మాట్లాడు చెల్లే. ఏదన్న మాట్లాడు."

ఏం చెప్పాలో తోచక రైలు సంగతి చెప్పాను. డబ్బాలో ఏముందని పక్కనున్న ముసలామె అడిగింది. ఆముదం అన్నాను. "గింతనా? ఊరందరికి జులాబు వెడ్తవా బిడ్డా?" అంది. డబ్బా ఎత్తి కింద పెట్టినప్పుడల్లా రైలు పెట్టెలో అందరూ నన్ను చూసి కడుపు పట్టుకొని నవ్వారు. అన్న గుంటలోనే నవ్వడం మొదలుపెట్టాడు. ఎంత పెద్దగా నవ్వాడంటే, నిండు గర్భిణి మణెమ్మ గోడ పట్టుకొని, ఏమైందోనని బయటికి వచ్చింది. "ఏందిది, బండి కిందికెల్లి నవ్వొస్తంది?" అంది. అది విని ఇంకా నవ్వాడు.

ఆ తర్వాత లేచి, కందికట్టె తీసేసి, ముందు అద్దం తుడిచాడు. నూనె మార్చాక కొంత దూరం నడిపి, తిరిగొచ్చి బిరడాలు కారుతున్నాయేమో చూడాలి. అప్పుడే పని పూర్తయినట్టు. వాగు దాకా పోయి వస్తానన్నాడు. మైలు దూరం.

"వస్తవా చెల్లే?"

నా చేతులు మోచేతుల దాకా ఆముదమే. "నేను చేతులు కడుక్కొని అన్నం వండుత. నువ్వు పోయిరా," అన్నాను.

కారు వాకిలి దాటింది. మణెమ్మ చెవి ఒగ్గి విన్నది. "మూలుగుతలేదు," అంది. ఆమె మొహం చూసి, ఇక భయం లేదనుకున్నాను.

అన్నం ఉడుకుతుండగా వాగు దిక్కునుంచి రెండు చప్పుళ్ళు వినిపించాయి. టైరు పేలిందనుకున్నాం.

వాగు అవతల గొర్లు కాస్తున్న మనిషి చూసినదాన్ని బట్టి తెలిసింది ఇంతే. తుపాకులున్న లారీ ఒకటి మా ఊరి వైపు వస్తోంది. వాళ్ళు పోలీసులో రజాకార్లో ఆ మనిషి తేల్చి చెప్పలేకపోయాడు. దొర కారును గుర్తుపట్టారు. దొర అందులో లేడు. అయితే ఇది సంగం వాళ్ళు ఎత్తుకుపోయిన కారే, నడిపేవాడు సంగం మనిషే అనుకున్నారు. అన్న చేతులెత్తి ఏదో చెప్పబోయాడట. అంతలోనే కాల్చారు. ఊరు దొర మనిషన్నది, వాళ్ళు సంగం మనిషన్నారు. అన్నను అక్కడే వదిలేసి, కారును లారీకి కట్టుకొని, వచ్చిన దారినే తిరిగి పోయారు.

ఆ మధ్యాహ్నం ఊరు మాట్లాడింది. నాలుగు నెలల మాటలన్నీ మా వాకిట్లోనే మాట్లాడారు. పోశాలు మణెమ్మ ముందు నేల మీద కూర్చొని, "అక్కా, నన్ను తిట్టు. ఏదన్న అను," అన్నాడు. మణెమ్మ అన్న మొహానికి అంటిన ఆముదం జిడ్డును తన కొంగుతో తుడుస్తూ కూర్చుంది.

ఎనిమిది రోజుల తర్వాత తెల్లవారగానే మణెమ్మకు నొప్పులు మొదలయ్యాయి. నేను చెప్పులు తొడుక్కొని సందు మలుపు దాకా పోయేసరికే మొండయ్య బండి ఎదురొచ్చింది. లోపల మెత్తగా గడ్డి పరిచి, మీద దుప్పటి వేసి ఉంది. లచ్చవ్వ మణెమ్మ తల ఒళ్ళో పెట్టుకొని కూర్చుంది. మొండయ్య ఎడ్లను పరుగు మీద తోలాడు. నర్మెట్టలో ఇంకో జత ఎడ్లు కాడికి కట్టడానికి సిద్ధంగా నిలబడి ఉన్నాయి. రెండు నిమిషాలు కూడా ఆగలేదు. దారి పొడుగునా మొండయ్య ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడు. వానల గురించి, ఎడ్ల గురించి. మధ్యాహ్నం కాకముందే దవాఖాన చేరాం. మూడింటికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా బతికారు. పిల్లకు రాజీ అని పేరు పెట్టాం.

నేను ఆ ఊరిని క్షమించలేదు. బండి ఎక్కించారు, బతికించారు, నిజమే. కానీ ఒక మనిషి చచ్చాక గదా వాళ్ళకు మనసు వచ్చింది అనుకునేదాన్ని. పోశాలు ఎదురైతే మొహం తిప్పుకొని పోయేదాన్ని. మణెమ్మనూ రాజీనీ మహబూబాబాదు తీసుకుపోయాక, ఊరికి పోవడమే మానేశాను. ఇరవై ఆరేళ్ళు అట్లాగే గడిచాయి.

1974లో మొండయ్య పోయాడని కబురు వస్తే, మణెమ్మకు ఒంట్లో బాగుండక, తన బదులు నన్ను పొమ్మంది. వెళ్ళాను. లచ్చవ్వ బాగా ముసలిదైంది. నా చెయ్యి పట్టుకొని పక్కన కూర్చోబెట్టుకుంది. భర్త గురించి చెబుతూ చెబుతూ బండి సంగతి ఎత్తింది.

"గా ఏడు ఎండకాలం ఎడ్లకు పనే చెప్పలే బిడ్డా. ఎరువు తోలలే, కట్టె తోలలే. ఎడ్లు అలిసిపోతె యాల్లకు ఉరుకుతయా అని నన్ను గూడ తిట్టెటోడు."

"ఏ యాల్లకు?"

"మణెమ్మ కాన్పుకు. పోశాలే వచ్చి చెప్పిండు గద, బండి తయ్యారుగ ఉండాలె, నర్మెట్టల ఇంకో జత నేను వెడ్త అని."

"అన్న పోయినంక గదా?"

లచ్చవ్వ నా మొహంలోకి చూసింది. నాకు తెలియదని ఆమెకు అప్పుడే తెలిసినట్టుంది.

"అన్న బతికున్నప్పుడే బిడ్డా. మాట బందని మీకు చెప్పలే గని, మణెమ్మకు ఏడో నెల వడ్డనాడే," అంది.